ఉతకవద్దన్న బట్టలు

ముత్తుకూరు,
2 ఆగస్టు 2024

తమ్ముడు రహ్మాన్‌కు,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ నేనూ తబస్సుమూ బాగున్నాం. నీ కూతురు సాహిరాకు పదో తారీఖు అటూ ఇటూ కాన్పు కావచ్చని రాశావు. అందుకే ఈ మూట తొందరపడి పంపుతున్నాను. మన వీధి వినోద్ ఇప్పుడు నెల్లూరు నుంచి తడ వెళ్ళే బస్సులో కండక్టరు. మూట నీ చేతికే ఇమ్మని చెప్పాను.

మూటలో అమ్మ తెల్లచీరలు రెండున్నాయి. చీరలుగా లేవు. చింపి పన్నెండు పొత్తిగుడ్డలు, రెండు చిన్న బొంతలు కుట్టాను. ఊళ్ళో అందరి బొంతలూ కుట్టే చేతికి పుట్టబోయే బిడ్డ బొంత కుట్టడానికి నాలుగు రోజులు పట్టింది. మన ఇంటి పద్ధతి నీకు తెలుసు. నలభై రోజులు నిండేదాకా బిడ్డ ఒంటికి కొత్తబట్ట తగలకూడదు. ఇంట్లో పెద్దావిడ కట్టి మెత్తబడిన బట్టే చుట్టాలి. అమ్మ పోయి ఆరేళ్ళయినా మన ఇంటికి పెద్దావిడ ఆమే.

బట్టలు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంచాను. ఏడాదికి రెండుసార్లు కలరా ఉండలు మార్చాను. ఒక్క పురుగు తాకలేదు. మూటలో కూడా మడతకొక ఉండ వేశాను, తీసేసి వాడుకోండి. సాహిరాకు ఒక్క మాట గట్టిగా చెప్పు. వాటిని ఉతకవద్దు. ఉతికితే అమ్మ వాసన పోతుంది. నేను ఆ పెట్టె మూత ఎత్తినప్పుడల్లా అమ్మ గదిలోకి వచ్చినట్టే ఉంటుంది.

మిగతా రెండు చీరలు తబస్సుం బిడ్డ కోసం ఉంచాను. దానికి ఏడో నెల. పోయిన వారమే తెచ్చుకున్నాను. అల్లుడు అజారుద్దీన్ వెంకటాచలంలో లారీల షెడ్డు వదిలి రాలేడు, ఆదివారాలు వచ్చిపోతున్నాడు. వచ్చినప్పుడల్లా రొయ్యలు తెస్తాడు. వాటిని చూస్తేనే దానికి వాంతి.

నీ అక్క,
బీజాన్

*

తడ,
14 ఆగస్టు 2024

అక్కకు సలాం.

సాహిరాకు మొన్న ఆదివారం పొద్దున ఏడున్నరకు మగబిడ్డ పుట్టాడు. బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. మామూలు కాన్పే. నిన్న సాయంత్రం ఇంటికి తెచ్చాం. నీ మూట అంతకు ముందే వచ్చింది. ముడి విప్పగానే ఇల్లంతా ఆ వాసన నిండింది. నవీద్ రెండుసార్లు తుమ్మాడు. అల్లుడు కాబట్టి ఏమీ అనలేకపోయాను. సాహిరా నువ్వు చెప్పినట్టే చేసింది. ఒక్కటీ ఉతకలేదు. బిడ్డ ఇప్పుడు అమ్మ చీరలోనే నిద్రపోతున్నాడు. గది కిటికీలు మూసే ఉంచాం.

బిడ్డకు పేరు పెట్టే అఖీఖా ఆదివారం, పద్దెనిమిదో తారీఖున. నువ్వు ముందురోజే రావాలి.

నవీద్ నన్ను ఫోన్లో రాసుకోమంటాడు. ఐస్ ఫ్యాక్టరీ కంప్రెసర్ పక్కన ఇరవై రెండేళ్ళు నిలబడ్డాక నాకు ఫోన్ అంటే చేతిలో వణికే పెట్టె, అంతే. ఆ గాజు మీద ఒక అక్షరానికి వేలు పెడితే ఇంకొకటి పడుతుంది. ఉత్తరాలే మేలు. కాగితం మీద నువ్వు నిదానంగా మాట్లాడతావు, అరవవు.

రహ్మాన్

*

నెల్లూరు,
19 ఆగస్టు 2024

అక్కా,

ఇది ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అఖీఖా ఆపేశామని నవీద్ నీకు ఫోన్లో చెప్పాడు. మిగతాది ఇది.

శుక్రవారం పొద్దున శ్రీహరికోటలో రాకెట్ ఎగిరింది. చూడ్డానికి అందరూ మిద్దె ఎక్కారు. సాహిరా గది దాటకూడదు కదా, తలుపు తెరిచి బిడ్డతో గడపలో నిలబడింది. నాకు రాకెట్ చప్పుడు కాళ్ళ కింద తెలుస్తుంది. అది తగ్గాక వెనక్కి తిరిగి చూస్తే ఎండ బిడ్డ ముఖం మీద పడుతోంది. కళ్ళు పచ్చగా ఉన్నాయి. మూడు రోజులుగా చీకటి గదిలో ఎవరికీ కనపడలేదు. మధ్యాహ్నానికి నెల్లూరు తెచ్చాం. నీలం లైటు కింద పెట్టారు. అది చాలక శనివారం రక్తం మార్చారు. నేను ఇస్తానన్నాను, గ్రూపు కలిసింది. డాక్టరు నన్ను కొన్ని ప్రశ్నలడిగి, నా రక్తం వద్దంది. నవీద్‌తో పనిచేసే నరేంద్రబాబు ఇచ్చాడు. ఈ రోజు బిడ్డ కొంచెం పాలు తాగాడు.

నువ్వు ఇప్పుడు రావద్దు. లోపలికి తల్లిని తప్ప ఎవరినీ పంపడం లేదు. కానీ రెండు సంగతులు రాయి. అమ్మ పెట్టెలో ఏమేం వేసేవాళ్ళు, ఎన్నేళ్ళ నుంచి? నీ పెద్దబిడ్డ యాసీన్‌కు జబ్బు పుట్టిన ఎన్నో రోజు మొదలైంది, ఒళ్ళు ఏ రంగులో ఉండేది? అవసరమై అడుగుతున్నాను. నాకూ రక్తం తీశారు, బిడ్డకూ తీశారు. రిపోర్టు రాకముందు ఏదీ చెప్పడం నాకు ఇష్టం లేదు.

రహ్మాన్

*

ముత్తుకూరు,
23 ఆగస్టు 2024

రహ్మాన్,

నెల్లూరు నాకు గంట దారి. మనవడు ఆసుపత్రిలో ఉంటే రావద్దని రాశావు. సరే, రాలేదు.

మొన్న వినోద్ బస్టాండులో పిలిచి ఒక నల్ల ప్లాస్టిక్ కవరు ఇచ్చాడు. "అన్న ఇమ్మన్నాడక్కా, ఇంకేం చెప్పలా" అన్నాడు. విప్పితే పన్నెండు పొత్తిగుడ్డలు, రెండు బొంతలు. చికెన్ కొట్టు వాడు కట్టినట్టు మెడ బిగించి కట్టావు. లోపల ఒక్క ముక్క రాసిన కాగితం లేదు. అమ్మ బట్ట నీ బిడ్డకు పనికిరాకపోతే ఆ మాట ముందే చెప్పాల్సింది. నవీద్ తుమ్మాడని రాసినప్పుడే నాకు అర్థం కావాల్సింది.

యాసీన్ గురించి అడిగావు. ముప్పై ఆరేళ్ళలో నన్ను వాడి గురించి అడిగిన మనిషి లేడు. ఇప్పుడు నీకు పనిబడి అడిగావు. రాస్తాను. నాలుగో రోజు కళ్ళు. ఆరో రోజుకు ఒళ్ళంతా పసుపు. మూత్రం టీ డికాక్షన్ రంగు. ఏడో రోజు పేరు పెట్టాం, ఆ రోజే పాలు తాగడం మానేశాడు. ఎనిమిదో రోజు నెల్లూరు తీసుకుపోయాం. తొమ్మిదో రోజు తిరిగి తెచ్చాం. మా అత్త వాకిట్లోనే అడ్డం నిలబడి అంది: "నీ పాలల్లో ఇషముంది మే. నా మనవణ్ణి నువ్వే చంపుకున్యావు."

ఆరేళ్ళకు తబస్సుం పుట్టింది. నన్నెవరూ వద్దనలేదు. నేనే భయపడ్డాను. దానికి డబ్బాపాలు తాగించి, నా పాలు పెరట్లో పిండి పోశాను. ఈ సంగతి అమ్మకు కూడా తెలియదు. ఇదీ నీ రిపోర్టులో రాసుకో.

పెట్టెలో ఏమేసేవాళ్ళో నీకు తెలియదా?

బీజాన్

*

తడ,
28 ఆగస్టు 2024

అక్కా,

ముందు నా తప్పు. ఆ బట్టలు ఇంట్లో ఉండకూడదని డాక్టరు చెప్పింది. పారేయడానికి చెయ్యి రాలేదు. వాసన బయటికి రాకుండా కవరులో బిగించి కట్టాను. చీటీ పెట్టాల్సింది. రిపోర్టు కోసం ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

బిడ్డ ప్రమాదం దాటాడు. సోమవారం ఇంటికి తెచ్చాం.

డాక్టరు పేరు సుప్రియ. నాకు వినపడదని తెలిసి, మందుల చీటీల వెనక తెలుగులో రాసి చూపించింది. ఆ చీటీలన్నీ నా దగ్గరున్నాయి. కింద రాసేది వాటిలో ఉన్నదే.

మనం పీల్చే ఆక్సిజన్‌తోనే ఒళ్ళు నడుస్తుంది. నడిచేటప్పుడు అందులో కొంత చెడి, ఒక ఎలక్ట్రాన్ తక్కువపడి తిరుగుతుంది. అట్లాంటి వాటిని ఫ్రీ రాడికల్స్ అంటారు. అవి పక్కనున్న దాని నుంచి ఎలక్ట్రాన్ లాక్కుంటాయి. పోగొట్టుకున్నది మళ్ళీ ఇంకొకదాని మీద పడుతుంది. ఇది అందరి ఒంట్లో రోజూ జరిగేదే. వీటిని ఆపే కాపలా కూడా ఒంట్లోనే ఉంది. కాపలా కంటే దాడి ఎక్కువైతే దాన్ని ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు. షుగరులో, గుండె రక్తనాళాలు పూడుకుపోవడంలో, కంటి శుక్లంలో దానికి కొంత వాటా ఉందట. అన్నిటికీ అదొక్కటే కారణం కాదని కింద గీత గీసి మరీ రాసింది. నా చెవుల సంగతి అడిగితే, పెద్ద చప్పుడుకు చెవి లోపలి కణాలు చావడంలో కూడా అది ఉందని రాసింది. ఐస్ ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ తొట్టిలో ఇనప డబ్బాలు ఎట్లా తుప్పు పట్టేవో గుర్తుందా? మా మేనేజరు ఏటా పెయింటు వేయించేవాడు. పెయింటు ఊడిన చోటే తుప్పు మొదలు. నాకు ఆ లెక్కలో అర్థమైంది.

ఎర్ర రక్తకణం రోజంతా ఆక్సిజన్ మోస్తుంది. అందువల్ల దానికి దెబ్బ ఎక్కువ. దాన్ని కాపాడే వాటిని సిద్ధంగా ఉంచడానికి జి-సిక్స్-పి-డి అనే ఎంజైము కావాలి. కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. వాళ్ళు మామూలుగానే బతుకుతారు. కొన్ని మందులు తగిలినప్పుడు, లేదా కలరా ఉండలు తగిలినప్పుడు, కణాలు తట్టుకోలేక పగిలిపోతాయి. కలరా ఉండ అసలు పేరు నాఫ్తలీన్. వాసన పీల్చినా, బట్టలోంచి చర్మానికి తగిలినా ఒంట్లోకి పోతుంది. పోయి ఆ దాడిని పెంచుతుంది. కణాలు పగిలితే పసుపు రంగు పదార్థం పుడుతుంది. పెద్దవాళ్ళ లివరు దాన్ని బయటికి పంపుతుంది. నాలుగు రోజుల బిడ్డకు ఆ శక్తి ఉండదు. అది మెదడుకు ఎక్కుతుంది.

బిడ్డకు ఆ ఎంజైము తక్కువని రిపోర్టు వచ్చింది. నాకూ అంతే. నాకు పదకొండేళ్ళప్పుడు మలేరియా మాత్రలు మింగి మూత్రం నల్లగా పోసింది, నీకు గుర్తుందా? దిష్టి అనుకున్నాం. అదీ ఇదే.

మగబిడ్డకు ఇది తల్లి నుంచే వస్తుంది. అమ్మ నుంచి నాకు వచ్చింది. నా నుంచి సాహిరాకు, దాన్నుంచి వీడికి. అమ్మ నుంచి నీకూ వచ్చి ఉండవచ్చు. నీ నుంచి యాసీన్‌కు. అట్లా అయితే తబస్సుంకు ఉండే అవకాశం సగానికి సగం. కాబట్టి దానికి రక్తపరీక్ష చేయించు. ఆ పెట్టె ఇంట్లోంచి బయట పెట్టు. అది కడుపుతో ఉండగా ఆ వాసన పీల్చకూడదు.

రహ్మాన్

*

ముత్తుకూరు,
4 సెప్టెంబరు 2024

రహ్మాన్‌కు,

బిడ్డ ఇంటికి వచ్చినందుకు అల్లాకు వేయి షుక్రియాలు. దర్గాలో చక్కెర పంచాను.

మిగతా ఉత్తరానికి జవాబు. అత్త నా పాలలో విషం ఉందంది. నువ్వు అమ్మ రక్తంలోనే ఉందంటున్నావు. ఇద్దరిలో అత్తే నయం, ఆమె పరాయి ఇంటి మనిషి. అమ్మ నలుగురిని కని, ముగ్గురిని పెంచి, తొంభై మంది పురుళ్ళలో వేడినీళ్ళు కాచింది. ఆమె చీర తాకి ఎవరికీ ఏమీ కాలేదు.

రక్తపరీక్ష చేయించను. కాగితం మీద లోపం అని ఒక్క మాట పడితే అజారుద్దీన్ తల్లి ఊరంతా చెప్పుకుంటుంది. ఆ నోటి సంగతి నీకు తెలియదు, నీకు వినపడదు కాబట్టి బతికిపోయావు. తబస్సుంకు నీ ఉత్తరం చూపించలేదు. చూలాలికి చెప్పే మాటలా అవి?

అయినా నీ మాట పూర్తిగా తీసేయలేదు. ఒంట్లో కాపలా తక్కువైతే తుప్పు పడుతుందని రాశావు కదా. మందుల కొట్లో అడిగితే ఆ తుప్పును ఆపే పొడి డబ్బా ఇచ్చాడు. "ఫ్రీ రాడికల్స్‌ని కడిగేస్తదమ్మా" అన్నాడు. నువ్వు రాసిన పేరే చెప్పాడు కాబట్టి నమ్మాను. పూటకు రెండు చెంచాలు పాలలో కలిపి తబస్సుంకు ఇస్తున్నాను. ముఖంలో కళ వచ్చింది.

నువ్వు తిప్పి పంపిన గుడ్డలు రెండు రోజులు ఎండలో వేసి, మళ్ళీ కొత్త ఉండలతో పెట్టెలో పెట్టాను. పెట్టె తబస్సుం మంచం కిందే ఉంది. అమ్మ కాపలా ఉన్నట్టు ఉంటుంది.

బీజాన్

*

తడ,
8 సెప్టెంబరు 2024

అక్కా,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. చదివి వెంటనే నవీద్‌తో తబస్సుం ఫోన్‌కు చేయించాను. ఎత్తింది నువ్వేనట. "రాంగ్ నంబర్" అని పెట్టేశావట. నీ గొంతు వాడికి తెలియదా? వాడు నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. నేనే బస్సెక్కి రాగలను. అమ్మ చనిపోయిన రోజు నువ్వు అరగంట మాట్లాడావు, నాకు ఒక్క మాట అందలేదు, నేను లెక్కచేయలేదని ఏడాది పలకలేదు. అందుకే రాస్తున్నాను. దీన్ని వినోద్ చేతికే ఇస్తున్నాను. సాయంత్రానికి నీకు అందుతుంది.

పొడి ఆపెయ్. నిన్ననే నవీద్ చేత ఫోన్లో డాక్టరును అడిగించాను. పుట్టుకతో లేని ఎంజైమును ఏ డబ్బా తెచ్చిపెట్టదు. కొన్ని పొడుల్లో విటమిన్ సి మోతాదుకు మించి ఉంటుంది, ఇట్లాంటి రక్తానికి అదే చెరుపు కావచ్చు. జామకాయ తినమంది. జామకాయ చాలు.

మంచం కింద పెట్టె ఈ రోజే తీసెయ్. నన్ను తిట్టుకుంటూనే తీసెయ్.

నేను అమ్మను తప్పుపట్టలేదు. నా ముక్కు కూడా అమ్మదే. దానికి ఆమెను ఎవరైనా తప్పుపడతారా?

ఇంకొకటి. నీ పాల సంగతి రాసింది చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఆ ఇరవై ఎనిమిదిన నేను పెద్ద ఉత్తరం రాశాను, అందులో ఆ మాటకే జవాబు లేదు. శుక్రవారం బిడ్డను చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరుకు నీ ఉత్తరంలోని ఆ పేజీ చూపించాను. నీ అనుమతి లేకుండా చూపించాను. ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత చీటీ రాసి ఇచ్చింది. అది ఇందులో పెట్టాను. నా మాట వద్దు. ఆమె చేతిరాత చదువు.

రహ్మాన్

(జత చేసిన చీటీ)

బీజాన్ గారికి,
యాసీన్‌ను నేను చూడలేదు. అప్పటి రక్తపరీక్షా లేదు. అందువల్ల ఎందుకు చనిపోయాడో ఖాయంగా చెప్పలేను. మీరు రాసిన గుర్తులు ఈ జబ్బుకు సరిపోతాయి. యాసీన్ చనిపోవడానికి మీ పాలు మాత్రం కారణం కాదు. మీ పాలు మంచివే.
డా. సుప్రియ

*

ముత్తుకూరు,
14 సెప్టెంబరు 2024

తమ్ముడికి సలాం.

వినోద్ ఉత్తరం ఇచ్చేటప్పటికి నా కళ్ళజోడు కుట్టుమిషను దగ్గర ఉండిపోయింది. కవరులోంచి చీటీ జారి కింద పడింది. తబస్సుం తీసి పైకి చదివేసింది. నేను ఆపేలోపు అయిపోయింది.

కాగితం దించి నన్ను చూసింది. "అమ్మా, నాకు డబ్బాపాలు పట్టింది దీనికేనా?"

"ఊఁ."

"నేనంటే నీకు మనసు లేదేమో అనుకుంటా ఉన్న్యా, ఇన్నేళ్ళూ."

"మనసు లేకుంటే ఆ డబ్బా కోసం నెల్లూరికి వారం వారం ఎవురు పొయ్యొచ్చినారు మే?"

అది నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. తర్వాత నా చేతిలోని నీ ఉత్తరం కూడా లాక్కుని చూసి "మామ పెట్టె గురించి ఏందో రాసినాడే, అదేంది?" అంది. దాచడానికి ఇంకేమీ లేకపోయింది. నీ పాత ఉత్తరం కూడా తెచ్చి ఇచ్చాను. చదివి, మంచం దిగి, పెట్టె మీద చెయ్యి వేసింది. "నువ్వు వొంగొద్దు, నేను లాగతా" అన్నాను. ఇద్దరం వాదులాడుకుంటుంటే ఏఎన్ఎం రెజీనా బీపీ చూడటానికి వచ్చింది. ఇద్దరి ముఖాలు చూసి ఆమే లాగి పెరట్లో పెట్టింది. పొడి డబ్బా ఆమె చేతికే ఇచ్చేశాను. తలుపులు, కిటికీలు తెరిచి, తబస్సుం పక్క హాల్లోకి మార్చాను.

మర్నాడే తబస్సుం రక్తం తీసి నెల్లూరు పంపారు. దానికి ఆ ఎంజైము సగమే ఉందని వచ్చింది. అజారుద్దీన్ తల్లికి నేనే వెళ్ళి చెప్పాను. దారి పొడవునా ఏం అంటుందో అనుకుంటూ వెళ్ళాను. ఆమె వక్క కొరుకుతూ విని, "మా ఇంట్లో షుగరుంది, బీపీ ఉంది, మేమేమన్నా దాచి పెండ్లి చేసినామా? ఆ పడని మాత్తర్ల పేర్లు ఒక కాగితం మీద రాసియ్, గోడకు అంటిస్తా" అంది. రెండు వారాలు ఆ మనిషికి భయపడ్డాను.

ఇక ఇది తబస్సుంకు చూపించకుండా రాస్తున్నాను. పాల మాట తీరింది. పెట్టె మాట మిగిలింది. మనం పుట్టినప్పుడు ఆ పెట్టెలో వేపాకు వేసేవాళ్ళు. అమ్మ ఏటా దూసి ఆరబెట్టేది. నాకు యాసీన్ కడుపున పడ్డ ఏడాది నెల్లూరులో సంత చూడ్డానికి వెళ్ళి, కలరా ఉండల పొట్లం మొదటిసారి తెచ్చింది నేను. వేపాకు పొడి అయిపోతుంది, ఇవైతే తెల్లగా శుభ్రంగా ఉంటాయని. అప్పటి పెద్దావిడ మన దాదీ చీరల మధ్య నా చేతులతో వేశాను. వాడికి చుట్టింది ఆ చీరలే. నేను అమ్మ వాసన అనుకుంటున్నది కూడా అమ్మది కాదు. ఆ ఉండలది.

అత్త అన్నది తప్పే. కానీ పూర్తిగా తప్పా?

బీజాన్

*

తడ,
19 సెప్టెంబరు 2024

అక్కా,

పూర్తిగా తప్పు.

డాక్టరు ఖాయంగా చెప్పలేనని రాసింది. నువ్వు ఆమె కంటే ఖాయంగా చెప్పుకుంటున్నావు. ఒకవేళ నువ్వు అనుకున్నదే నిజమైనా, చూడు. ఉండలొక్కటే అయితే తబస్సుంకు, సాహిరాకు, నవీద్ అక్క పిల్లలకు కూడా ఏదో ఒకటి కావాలి. అందరూ అట్లాంటి పెట్టెల బట్టల్లోనే పెరిగారు. లోపం ఒక్కటే అయితే నేను ఉండకూడదు. రెండూ ఒకే బిడ్డ దగ్గర కలవాలి. కలుస్తాయని నీకెట్లా తెలుస్తుంది? నిన్న కొట్లో ఒక పొట్లం కొని అక్షరం అక్షరం చదివాను. పిల్లలకు అందకుండా ఉంచమని ఉంది. పసిబిడ్డ బట్టల్లో వేయవద్దని ఇప్పటికీ లేదు. ముప్పై ఆరేళ్ళ కింద ఏముంటుంది?

తెలిసే అవకాశం ఈ ఇంట్లో ఒకే ఒకసారి వచ్చింది. అది నా చేతిలోకి వచ్చింది. మలేరియా మాత్రలకు మూత్రం నల్లబడినప్పుడు నాయన నన్ను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరు మాత్రలు ఆపి, ఒక చీటీ రాసి నా చేతికే ఇచ్చాడు. "ఇది దాచుకో, మీ ఇంట్లో పిల్లలు పుట్టినప్పుడు చూపించండి" అన్నాడు. అప్పుడు నాకు బాగా వినపడేది. ఇంటికి వచ్చే దారిలో దాన్ని మడిచి పడవ చేసి కాలువలో వదిలాను. ఎదురొచ్చిన నువ్వు కూడా నా పక్కన నిలబడి చూశావు. అది ఏ చీటీ అని నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ సంగతి డాక్టరు సుప్రియ నన్ను ప్రశ్నలడిగిన శనివారం నాడు గుర్తొచ్చింది. నీకు రాయడానికి నెల పట్టింది.

పదకొండేళ్ళ వాడు చేసిన పనికి నువ్వు నన్ను తప్పుపడితే, పొట్లం తెచ్చినందుకు నిన్ను నువ్వు తప్పుపట్టుకో. పట్టకపోతే రెండూ వదిలెయ్.

ఒళ్ళు అంత పచ్చబడితే చెవులు పోయే ప్రమాదం ఉందని డాక్టరు మొదటే రాసింది. నేను నీకు రాయలేదు. నెల రోజులుగా నాకు నిద్ర లేనిది దానికే. సోమవారం బిడ్డ చెవులకు పరీక్ష చేశారు. కాగితం మీద గీత సరిగా వచ్చింది. అయినా నాకు నమ్మకం కలగలేదు. నిన్న వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఆ కూత నాకు వినపడలేదు. వాడు ఉలిక్కిపడి అటు తిరిగాడు. వాడు వినడం నాకు కనపడింది.

అఖీఖా తబస్సుం కాన్పు అయ్యాకే. ఇద్దరు పిల్లలకూ కలిపి చేద్దాం.

నీ తమ్ముడు,
రహ్మాన్

*

ముత్తుకూరు,
20 అక్టోబరు 2024

రహ్మానూ,

నవీద్ ఫోన్లో చూపించే ఉంటాడు. అయినా నేను రాయాలి.

తబస్సుంకు సోమవారం మగబిడ్డ. తుపాను అని ఊరంతా వాన, ఆసుపత్రిలో కరెంటు పోయి వస్తూ ఉంది. పుట్టగానే మడమ గుచ్చి రక్తం తీశారు. వీడికీ తక్కువే. రెండో రోజు కొంచెం పచ్చబడ్డాడు. లైటు కింద రెండు రోజులు పెట్టి తీసేశారు. నిన్న ఇంటికి వచ్చాం. కిటికీలు తెరిచే ఉంచాను. ఎవరొచ్చినా ముందు బిడ్డను వెలుతురులోకి తెచ్చి కళ్ళు చూస్తాను. రెజీనా నవ్వుతోంది. నవ్వనీ.

వీడికి అంగట్లో కొన్న కొత్త నూలు బట్ట చుట్టాను, రెండుసార్లు ఉతికి, ఎండలో ఆరేసి. మన ఇంట్లో పుట్టిన రోజే కొత్తబట్ట కట్టిన మొదటివాడు వీడే. అమ్మ ఉంటే ఒక మాట అనేది. అని, తనే ఉతికేది.

అమ్మ చీరలు, నువ్వు తిప్పి పంపిన గుడ్డలు, అన్నీ నాలుగు నీళ్ళలో ఉతికాను. వాసన పోయింది. నేను భయపడినంత కాలేదు. వాటితో నాకొక బొంత కుట్టుకున్నాను. కుట్టేటప్పుడు ఒక చీర కొంగు మీద వక్క మరక కనపడింది. ఎంత ఉతికినా పోలేదు. అది అమ్మదే.

తబస్సుం బిడ్డకు పాలిస్తోంది. మొదటిరోజు పట్టడం రాక ఏడ్చింది. "ఎట్టా పట్టుకోవాల్నో చెప్పమ్మా" అంది. నేను యాసీన్‌కు ఆరు రోజులు ఇచ్చాను కదా. చెయ్యికి గుర్తుంది. తల ఎట్లా ఎత్తాలో చూపించాను.

నీ కాగితం పడవ నాకు బాగా గుర్తుంది. పెద్దగా దూరం పోలేదు. తూము దగ్గర మునిగింది. ఇద్దరం నవ్వుకున్నాం. వదిలేశాను. రెండూ.

పెట్టె కడిగి, వారం ఎండబెట్టి, మళ్ళీ లోపల పెట్టాను. బట్టలేమీ వేయలేదు. డాక్టరమ్మ చీటీ ఒక్కటే అందులో పెట్టాను. యాసీన్ పుట్టినట్టు గానీ పోయినట్టు గానీ అప్పుడు మేం ఎక్కడా రాయించలేదు. మన ఉత్తరాలు పక్కన పెడితే, వాడి పేరు రాసి ఉన్న కాగితం నా దగ్గర అదొక్కటే.

నీ అక్క,
బీజాన్